మూత చేసిన తప్పు, కార్బరేటర్ మోసిన నింద

ఈ పోస్టు కాస్త పెద్దది. పని లేని పూట తీరిగ్గా చదువుకోండి.

మొన్న మిరప తోటలో మందు కొడుతుంటే తైవాన్ పంపు ఆగిపోయింది. పంపు నిండా మందు కలిపి ఉంది, ఇంకా ఎకరంన్నర మిగిలి ఉంది, పైన మబ్బు పట్టి ఉంది. పంపు మోస్తున్న కుర్రాడు దాన్ని గట్టు మీద దించి, తాడు పదిసార్లు లాగి, "బాబాయ్, కార్బరేటర్ పోయింది, నందిగామ షెడ్డుకి తీసుకెళ్దాం" అన్నాడు. మూత తీసి చూశావా అంటే లేదు. ప్లగ్గు తీశావా అంటే లేదు. మరి కార్బరేటర్ పోయిందని ఎలా తెలిసింది అంటే, "ఆగిపోయింది కదా బాబాయ్" అన్నాడు.

వాడిని తప్పుపట్టడానికి చెప్పట్లేదు. ముప్పై ఏళ్ళ క్రితం మేమూ ఇదే మాట అన్నాం. బండి ఆగితే కార్బరేటర్, పొగ వస్తే కార్బరేటర్, మైలేజీ రాకపోతే కార్బరేటర్. మన ఊళ్ళల్లో దానంత నింద మోసిన వస్తువు ఇంకోటి లేదు. అందుకే అది ఎక్కడ పుట్టింది, మన కీసర దాకా ఎలా వచ్చింది, నిజంగా ఎప్పుడు చెడుతుంది, ఊరికే ఎప్పుడు మాట పడుతుంది, ఇవన్నీ ఒకచోట రాద్దామనిపించింది. మొన్నటి పంపు సంగతి ఏమైందో చివర్లో చెప్తాను.

ముందు మా నాన్న బండి కథ.

తొంభైల్లో ఒక ఏడాది. పత్తి మీద శనగపచ్చ పురుగు విరుచుకుపడిన రోజులు. అప్పుడు రెండు రోజులు ఆలస్యమైతే కాయ దక్కేది కాదు. నాన్న మోపెడ్ మీద నందిగామ వెళ్ళి మందు డబ్బాలు తెస్తున్నారు, వెనకాల నేను. ముసురు పట్టిన రోజు. అంబారుపేట దగ్గర బండి ఆగింది. కాసేపు నిలబడి తొక్కితే స్టార్ట్ అయింది. అయితవరం దగ్గర మళ్ళీ ఆగింది. మునేరు వంతెన మీద మూడోసారి. అప్పటికి హైదరాబాద్ రోడ్డు ఇంత వెడల్పు లేదు, నంబరు కూడా 65 కాదు, 9. లారీలు పక్కనుంచి నీళ్ళు చిమ్ముకుంటూ పోతుంటే ఇద్దరం బండి నెట్టుకుంటూ వంతెన దాటాం.

మర్నాడు షెడ్డులో ఇచ్చాం. కార్బరేటర్ విప్పి, కడిగి, జెట్టు మార్చారు. డబ్బులు తీసుకున్నారు. మళ్ళీ రెండు కిలోమీటర్లకి ఆగింది. ఈసారి ఫ్లోట్ సూది మార్చారు. మళ్ళీ ఆగింది. మూడో రోజు రోడ్డు పక్కన బండి ఆగినప్పుడు, పెట్రోలు ఉందో లేదో చూద్దామని నాన్న ట్యాంకు మూత తిప్పారు. 'బుస్సు'మని గాలి లోపలికి పీల్చుకుంది. అంతే, ఒక్క తొక్కుకి స్టార్ట్ అయింది.

ఏం జరిగిందంటే, వాన నీళ్ళు ట్యాంకులోకి పోకుండా మేమే మూత మీద ప్లాస్టిక్ కవరు కట్టి, చుట్టూ రబ్బరు బిగించాం. మూతకి గాలి పోవడానికి చిన్న చిల్లు ఉంటుంది. దాన్ని మూసేశాం. పెట్రోలు కిందకి దిగాలంటే పైనుంచి గాలి లోపలికి రావాలి. గాలి దారి మూసుకుపోతే కొంచెం పెట్రోలు దిగి ఆగిపోతుంది. కాసేపు నిలబెడితే ఎక్కడో సందులోంచి కాస్త గాలి చేరి మళ్ళీ దిగుతుంది. తప్పు మాది, మూతది. డబ్బులు కట్టింది కార్బరేటర్ పేరు మీద. ఆ మూడు రోజుల్లో మందు పడని మడి కాయలో సగం పురుగు తినేసింది.

అప్పటినుంచి నాన్న ఒక మాట అనేవారు. "ఏదైనా విప్పే ముందు, దాంట్లోకి ఏం వస్తోంది, ఎటునుంచి వస్తోంది చూసుకోరా" అని. ఈ పోస్టు మొత్తం ఆ మాట చుట్టూనే తిరుగుతుంది.

*మందు కొట్టే పంపే కార్బరేటర్*

కార్బరేటర్ అంటే ఏదో పెద్ద విద్య అనుకోకండి. మందు కొట్టడం తెలిసిన రైతుకి అది సగం తెలిసినట్టే. సన్నటి నాజిల్ లోంచి మందు పొగమంచులా ఎలా వస్తుందో, కార్బరేటర్ లోపల పెట్రోలు కూడా అలాగే తుంపరగా మారుతుంది. తేడా ఏంటంటే, పంపులో మనం వెనకనుంచి ఒత్తిడి పెడతాం. కార్బరేటర్ లో ముందునుంచి ఇంజన్ పీల్చుకుంటుంది.

గొట్టం మధ్యలో సన్నంగా నొక్కితే అక్కడ గాలి వేగం పెరుగుతుంది, ఒత్తిడి తగ్గుతుంది. ఈ సంగతిని ఇటలీ శాస్త్రవేత్త వెంచురి 1797లోనే రాశాడు. ఆ సన్నటి చోట ఒక చిన్న చిల్లు పెట్టి దాని కింద పెట్రోలు గిన్నె పెడితే, గాలి ఆ పెట్రోలుని తుంపరగా లాక్కుపోతుంది. ఆ చిల్లునే జెట్టు అంటాం.

మొదట్లో ఇంత తెలివైన ఏర్పాటు లేదు. 1886లో కార్ల్ బెంజ్ కారుకి పేటెంటు తీసుకున్న రోజుల్లో, పెట్రోలు మీదుగా గాలి పంపి ఆ ఆవిరితో ఇంజన్ నడిపేవాళ్ళు. ఎండ ఎక్కువైతే ఒకలా, చలి పెడితే ఇంకోలా నడిచేది. 1893లో హంగేరీకి చెందిన దొనాత్ బాంకి, యానోష్ చోంకా అనే ఇద్దరు పెట్రోలుని తుంపర చేసే కార్బరేటర్ కి పేటెంటు తీసుకున్నారు. అదే ఏడాది జర్మనీలో విల్‌హెల్మ్ మేబాక్ కూడా అలాంటిదే చేశాడు. బుడాపెస్ట్ వీధిలో పూలమ్మే అమ్మాయి గొట్టంతో ఊదుతూ పూల మీద నీళ్ళు చల్లుతుంటే చూసి, ఆ హంగేరీ వాళ్ళకి ఈ ఆలోచన వచ్చిందని ఒక కథ చెప్పుకుంటారు. కథ నిజమో కాదో గాని, చెప్పే సంగతి మాత్రం సరైనదే. పూల మీద నీళ్ళు, పత్తి మీద మందు, ఇంజన్ లో పెట్రోలు, మూడింటికీ సూత్రం ఒకటే.

గ్రాము పెట్రోలు సరిగ్గా కాలాలంటే దాదాపు పదిహేను గ్రాముల గాలి కావాలి. పెట్రోలు ఎక్కువైతే ప్లగ్గు నల్లగా మసి పడుతుంది, పొగ వస్తుంది. తక్కువైతే ఇంజన్ వేడెక్కుతుంది, బండి లాగదు. కార్బరేటర్ లో ఉన్న జెట్టు, సూది, ఫ్లోట్, చోక్, స్క్రూలు అన్నీ ఈ లెక్క తప్పకుండా చూసుకోవడానికే.

*తిరుపతి నుంచి హోసూరు దాకా*

ఇప్పుడు మోపెడ్ సంగతి. సైకిలుకి ఇంజన్ కట్టాలన్న ఆలోచన చాలా పాతది. రెండో ప్రపంచ యుద్ధం అయ్యాక యూరప్ లో జనం చేతిలో డబ్బు లేదు, పెట్రోలు లేదు, కానీ పనికి పోవాలి. అప్పుడు ఈ చిన్న బండ్లు ఊపందుకున్నాయి. ఫ్రాన్సులో 1946లో వెలోసొలెక్స్, 1949లో మోటోబెకాన్ కంపెనీ మొబిలెట్ వచ్చాయి. 1952లో స్వీడన్ విలేఖరి ఒకాయన మోటారు, పెడల్ అనే రెండు మాటలు కలిపి 'మోపెడ్' అని పేరు పెట్టాడు. మనం ఇప్పటికీ అదే అంటున్నాం.

చాలామందికి తెలియని సంగతి ఏంటంటే, ఆ ఫ్రెంచి బండి మన తెలుగు నేల మీదే తయారైంది. 1960ల్లో తిరుపతిలో మోపెడ్స్ ఇండియా లిమిటెడ్ అనే కంపెనీ, మోటోబెకాన్ లైసెన్సుతో 'సువేగ' మోపెడ్ చేసింది. పెద్దవాళ్ళని అడగండి, పంచె కట్టుకుని సువేగ మీద స్కూలుకి వెళ్ళిన మాస్టారో, పోస్టుమాస్టరో, ఆర్.ఎం.పి. డాక్టరో ప్రతి ఊరి జ్ఞాపకంలో ఒకరుంటారు.

1972లో పూణేకి చెందిన కైనెటిక్ ఇంజనీరింగ్ లూనా తెచ్చింది. అది ఇటలీ పియాజియో వాళ్ళ చావ్ అనే మోపెడ్ నమూనా. ఆ మరుసటి ఏడాదే, 1973లో, అరబ్ దేశాలు చమురు బిగించడంతో పెట్రోలు ధర ఎగబాకింది. అప్పట్లో స్కూటరు కావాలంటే డబ్బు కట్టి ఏళ్ళ తరబడి ఎదురుచూడాలి. మోపెడ్ కి అంత బాధ లేదు, పెట్రోలు కూడా తక్కువ తాగేది. అలా అది సామాన్యుడి బండి అయింది.

ఇక 1980 ఆగస్టులో తమిళనాడు హోసూరు ఫ్యాక్టరీ నుంచి టీవీఎస్ 50 వచ్చింది. ఇద్దరు ఎక్కడానికి వీలుగా చేసిన 50 సీసీ మోపెడ్. ఇద్దరు ఎక్కొచ్చని కంపెనీ చెప్పింది, మనం ఎంత ఎక్కించామో మనకి తెలుసు. ముందు ఎరువు బస్తా, వెనక మిరపకాయల టిక్కీ, మధ్యలో రైతు. పాల క్యాన్లు, పచ్చిగడ్డి మోపులు, చేపల బుట్టలు, ఐసు పెట్టెలు, అన్నీ దాని మీదే. 1988 మోటారు వాహనాల చట్టం గేర్లు లేని బండికి పదహారేళ్ళకే లైసెన్సు ఇవ్వచ్చంది. దాంతో ఇంటర్ చదివే పిల్లలకీ తాళం చేతికొచ్చింది.

మన మెట్ట ప్రాంతంలో దీని అవసరం ఇంకా ఎక్కువ. డెల్టాలో లాగా ఇంటి పక్కనే కాలువ, కాలువ పక్కనే పొలం కాదు. సాగర్ ఎడమ కాలువ చివరి భూములు మనవి. నీళ్ళు ఎప్పుడొస్తాయో చూసుకోవాలి, రాత్రిపూట బోరుకి కరెంటు ఎప్పుడిస్తారో చూసుకోవాలి, పొలం రెండు మూడు ముక్కలుగా తలో దిక్కున ఉంటుంది. ఎద్దుబండికి తగిన దూరాలు కావు, మోటారు సైకిలు కొనే స్తోమత లేదు. ఆ మధ్యలో పట్టే బండి మోపెడ్. డొంకల్లో, గట్ల మీద, నల్లరేగడి బురదలో కూడా పోయేది. బురదలో దిగబడితే ఎత్తి పక్కన పెట్టేవాళ్ళం.

*మనం చేసిన తప్పులు*

బండి వచ్చింది, దానితో పాటు మన వాడకం కూడా వచ్చింది. ఆ రోజుల్లో కార్బరేటర్ చెడిందంటే ఎక్కువసార్లు కారణం మనమే. నేను చూసినవి, చేసినవి చెప్తాను.

మొదటిది కిరసనాయిలు. పెట్రోలు రేటు చూసి, రేషన్ కిరసనాయిలు కలిపేవాళ్ళం. స్టార్ట్ అవడానికి పెట్రోలు, నడవడానికి కిరసనాయిలు అని పెద్ద లెక్కలు. అది సరిగ్గా ఆవిరి కాదు, సరిగ్గా కాలదు. ప్లగ్గు మసి, సైలెన్సర్ మసి, పిస్టన్ మీద మసి. చివరికి నింద కార్బరేటర్ మీద.

రెండోది ఆయిలు. టూ స్ట్రోక్ ఇంజన్ కి విడిగా ఆయిలు చేరదు, పెట్రోలులో కలిపిందే దిక్కు. పాత బండ్లకి లీటరుకి 40 మిల్లీలీటర్ల దాకా, తర్వాతి వాటికి 20 మిల్లీలీటర్లు చొప్పున కలపాలి. మనం చేతి అంచనా. ఎక్కువ పోస్తే పొగ, మసి. తక్కువ పోస్తే పిస్టన్ పట్టేసి ఇంజన్ బిగుసుకుపోయేది. కొలత మూత ఇచ్చింది ఎందుకంటే వాడమని.

మూడోది దుమ్ము. ఎయిర్ ఫిల్టర్ మూసుకుపోతే గాలి తగ్గి పెట్రోలు ఎక్కువవుతుంది. మరీ విసుగొచ్చి ఫిల్టర్ పీకేసి నడిపేవాళ్ళు కొందరు. అప్పుడు గాలి ఎక్కువవుతుంది, పైగా పొలం దుమ్మంతా సిలిండర్ లోకి పోయి రింగులు అరిగిపోతాయి.

నాలుగోది జెట్టులో తీగ పెట్టి పొడవడం. జెట్టు ఇత్తడిది. దాని చిల్లు మిల్లీమీటరులో వందో వంతు లెక్కన కొలిచి చేస్తారు, దాని మీదున్న నంబరు ఆ కొలతను బట్టే వేస్తారు. సైకిలు బ్రేకు తీగ పెట్టి పొడిస్తే మురికితో పాటు చిల్లు కూడా పెద్దదవుతుంది. ఆ రోజు బండి నడుస్తుంది, మర్నాటి నుంచి పెట్రోలు తాగుతుంది. గాలి కొట్టి శుభ్రం చేయాలి. లేదంటే కరెంటు వైరులోని సన్నటి రాగి పోగు మెల్లగా పెట్టాలి. ఇనుప తీగ మాత్రం వద్దు.

ఐదోది, జెట్టు నోట్లో పెట్టి ఊదడం, పైపుతో నోటితో పెట్రోలు పీల్చడం. అప్పట్లో అందరం చేశాం. 2000 సంవత్సరం దాకా మన దేశంలో సీసం కలిపిన పెట్రోలు అమ్మేవాళ్ళని తర్వాత ఎప్పుడో చదివాను. అంటే మా నాన్న తరం నోటితో ఊదింది పెట్రోలునే కాదు, సీసాన్ని కూడా. ఇప్పుడు సీసం లేదు కదా అని మీరు ఊదకండి. మందు కొట్టే పంపు జెట్టు అయితే అసలు నోటి దగ్గరికి తేవద్దు. పెట్రోలు కంటే దాని మీదున్న పురుగుమందు ప్రమాదం. నోటితో పీల్చినప్పుడు పెట్రోలు పొరపాటున ఊపిరితిత్తుల్లోకి పోతే ప్రాణం మీదికి వస్తుంది.

*ఏ గుర్తుకి ఏ కారణం*

మంచి మెకానిక్ బండిని విప్పే ముందు దాని మాట వింటాడు. ఆ పాత షెడ్డుల్లో చూసి నేర్చుకున్నవి ఇవి. మోపెడ్ కైనా పంపుకైనా చాలావరకు సరిపోతాయి.

కొంతదూరం నడిచి ఆగి, కాసేపటికి మళ్ళీ స్టార్ట్ అయితే, ముందు ట్యాంకు మూత చిల్లు చూడండి. మూత వదులు చేసి నడపండి. అప్పుడు ఆగకపోతే దొంగ దొరికినట్టే.

అసలు స్టార్టే కాకపోతే, ప్లగ్గు తీసి చూడండి. పొడిగా ఉంటే పెట్రోలు రావట్లేదు. పెట్రోలు కాక్, ట్యాంకు లోపలి జల్లెడ, పైపు చూడండి. తడిగా ఉంటే పెట్రోలు వస్తోంది, నిప్పు రావట్లేదు, లేదా పెట్రోలు మరీ ఎక్కువైంది. అప్పుడు కార్బరేటర్ విప్పి లాభం లేదు.

స్టార్ట్ అయి నిలకడగా ఆడుతూ, యాక్సిలరేటర్ తిప్పగానే చచ్చిపోతుంటే మెయిన్ జెట్టులో మురికి ఉండొచ్చు. తిప్పి పట్టుకుంటే బాగా ఉండి, వదలగానే ఆగిపోతుంటే చిన్న జెట్టో, స్క్రూ సర్దుబాటో చూసుకోవాలి.

ఇంజన్ వేడెక్కాక కూడా చోక్ వేస్తేనే బాగా నడుస్తోంటే, పెట్రోలు తక్కువ అందుతోంది, లేదా ఎక్కడో గాలి దొంగతనంగా లోపలికి పోతోంది. కార్బరేటర్ బిగించిన చోట ప్యాకింగ్, ఇంజన్ సీలు చూడాలి.

పెట్రోలు కింద కారిపోతుంటే, ఫ్లోట్ సూది దగ్గర నలుసు చిక్కుకుని ఉంటుంది. స్క్రూడ్రైవర్ పిడితో గిన్నె మీద మెల్లగా తడితే ఒక్కోసారి సర్దుకుంటుంది. లేదంటే ఫ్లోట్ తీసి చెవి దగ్గర ఊపండి. లోపల పెట్రోలు చప్పుడైతే దానికి చిల్లు పడినట్టు, తేలాల్సింది మునిగిపోతోంది.

స్టార్ట్ అవుతుంది, చప్పుడు మూగగా ఉంటుంది, ఎంత తిప్పినా లాగదు. ఇది టూ స్ట్రోక్ లో సైలెన్సర్ మసి. లోపలికి గాలి రావాలంటే పాత పొగ బయటికి పోవాలి కదా. పాత మెకానిక్కులు సైలెన్సర్ విప్పి మంటలో పెట్టి మసి కాల్చేవాళ్ళు గుర్తుందా? అది తిరిగి బిగించగానే బండి కొత్తదానిలా దూకేది. దానికి ముందు వారం రోజులు మనం తిట్టింది మాత్రం కార్బరేటర్ నే.

ఇవన్నీ చూశాక కూడా బాగుపడకపోతే అప్పుడు కార్బరేటర్ విప్పండి. విప్పేటప్పుడు తెల్లటి పాత గుడ్డ పరిచి, తీసిన వరుసలోనే సామాన్లు పెట్టండి. గాలి స్క్రూ తీసే ముందు అది ఎన్ని చుట్లు తిరిగి ఉందో లెక్కపెట్టి రాసుకోండి. బీడీ, సిగరెట్టు దగ్గర్లో ఉండకూడదు.

*కార్బరేటర్ ఎటు పోయింది*

2015లో టీవీఎస్ వాళ్ళు 99.7 సీసీ ఫోర్ స్ట్రోక్ ఇంజన్ తో ఎక్స్ఎల్ 100 తెచ్చారు. దాంతో పెట్రోలులో ఆయిలు కలిపే పని తప్పింది, నీలం పొగ తగ్గింది. 2020 ఏప్రిల్ 1 నుంచి దేశమంతా బీఎస్ 6 పొగ నిబంధనలు వచ్చాయి. ఆ లెక్కలకి కార్బరేటర్ తూగలేదు. కొత్త బండ్లన్నీ దాదాపుగా ఫ్యూయల్ ఇంజెక్షన్ కి మారాయి, ఎక్స్ఎల్ 100 కూడా. అంటే సువేగ రోజుల నుంచి మన బండ్లలో ఉన్న కార్బరేటర్, దాదాపు యాభై ఐదేళ్ళ తర్వాత కొత్త బండ్ల నుంచి దిగిపోయింది.

ఇంజెక్షన్ చెడ్డదని నేను అనను. చలికాలం తెల్లవారుజామున మునేరు మీద మంచు పట్టినప్పుడు చోక్ లాగి ఇరవైసార్లు తొక్కిన బాధ ఇప్పుడు లేదు. ఎంత గాలికి ఎంత పెట్రోలో సెన్సార్లు చూసి చిన్న కంప్యూటర్ లెక్క కడుతుంది. పొగ తక్కువ. కాకపోతే అది చెడితే మనకి కనపడదు. స్కానర్ పెట్టి చూడాలి, షోరూముకి పోవాలి. పది రూపాయల ప్యాకింగ్ తో, చెట్టు కింద పాత గుడ్డ మీద అయ్యే పని కాదు. ఊరికొకటి ఉన్న షెడ్డులు తగ్గిపోవడానికి ఇదీ ఒక కారణం.

కానీ కార్బరేటర్ మన ఇంట్లోంచి పోలేదు. బండి దిగి భుజం ఎక్కింది. మన తైవాన్ పంపుల్లో, గడ్డి కోసే మిషన్లలో, చిన్న కలుపు యంత్రాల్లో చాలావాటికి ఇప్పటికీ అదే. కొన్నిటికి ఫ్లోట్ గిన్నె బదులు పల్చటి రబ్బరు పొర ఉంటుంది, స్టార్ట్ చేసే ముందు చిన్న రబ్బరు బుడగ నొక్కి పెట్రోలు పైకి తెచ్చుకోవాలి. సూత్రం మాత్రం అదే.

ఇంకో మార్పు పెట్రోలులో వచ్చింది. 2003 జనవరిలో ఆంధ్రప్రదేశ్ తో కలిపి తొమ్మిది రాష్ట్రాల్లో పెట్రోలులో 5 శాతం ఇథనాల్ కలపడం మొదలుపెట్టారు. 2023 ఫిబ్రవరిలో 20 శాతం కలిపిన పెట్రోలు కొన్ని బంకుల్లో వచ్చింది, 2025కల్లా దేశమంతా వచ్చేసింది. ఇథనాల్ చెరకు నుంచి, నూకల నుంచి, మొక్కజొన్న నుంచి వస్తుంది. మొక్కజొన్న వేసే మనకి దానివల్ల గిరాకీ ఉంది, కాదనను. కాకపోతే ఇథనాల్ కి నీటిని పీల్చుకునే గుణం ఉంది. నీరు ఎక్కువైతే ఇథనాల్, నీరు కలిసి పెట్రోలు నుంచి విడిపోయి అడుక్కి దిగుతాయి. ఇంజన్ పీల్చుకునేది అడుగు నుంచే. రోజూ తిరిగే బండిలో ఈ బాధ అంతగా తెలియదు, పెట్రోలు నిలవ ఉండదు కాబట్టి. ఏడాదికి నాలుగు నెలలు మాత్రమే నడిచి, మిగతా కాలం కొట్టంలో పడుండే పంపులో తెలుస్తుంది. పాత రబ్బరు పైపులు మెత్తబడటం, ప్యాకింగులు ఉబ్బడం కూడా దీనివల్ల జరగొచ్చు.

2023 జులైలోనూ, 2024 సెప్టెంబరులోనూ మునేరు పొంగి అయితవరం దగ్గర జాతీయ రహదారి మీదికి నీళ్ళు వచ్చి రాకపోకలు ఆగిపోయాయి, మీరంతా చూశారు. అలా నీళ్ళలో మునిగిన బండిని, పంపుని ఎండబెట్టాం కదా అని వెంటనే స్టార్ట్ చేయకండి. ముందు ట్యాంకు, గిన్నె ఖాళీ చేయాలి. ప్లగ్గు తీసి, తాడు లాగి సిలిండర్ లో నీళ్ళు బయటికి పంపాలి. ఫిల్టర్ ఆరబెట్టాలి. అప్పుడే కొత్త పెట్రోలు పోయాలి. ఇంజెక్షన్ బండి అయితే వైర్లు, సెన్సార్లు ఉంటాయి కాబట్టి మెకానిక్ చూశాకే తాళం తిప్పండి.

*మొన్నటి పంపు*

ఇక మొదట చెప్పిన పంపు దగ్గరికి వద్దాం. మూత వదులు చేసి లాగాం, స్టార్ట్ కాలేదు. ప్లగ్గు తీస్తే తడిగా ఉంది, కానీ చెయ్యి పెడితే పెట్రోలు జిడ్డు లేదు, నీళ్ళలా జారుతోంది. గిన్నె కింద స్క్రూ వదులు చేసి గాజు గ్లాసులోకి పట్టాం. అడుగున ఒక పొర, పైన ఒక పొర విడిగా కనపడ్డాయి. పోయిన సీజన్ లో మిగిలిన పెట్రోలు, ఆయిలు కలిపింది కదా పారబోయడం ఎందుకని నేనే ట్యాంకులో ఉంచాను. దాని మీదే కుర్రాడు కొత్తది పోశాడు. తప్పు నాది.

మొత్తం ఖాళీ చేసి, ప్లగ్గు తుడిచి ఎండబెట్టి, కొత్త పెట్రోలులో కొలత ప్రకారం ఆయిలు కలిపి పోశాం. నాలుగో లాగుడుకి స్టార్ట్ అయింది. కార్బరేటర్ విప్పనే లేదు. చినుకు పడేలోపు ఎకరం అయింది, మిగతా అర ఎకరం మర్నాడు కొట్టాం. షెడ్డుకి తీసుకెళ్ళి ఉంటే ఆ రోజు పోయేది, కలిపిన మందూ పోయేది.

అందుకని ఒక చిన్న మనవి. సీజన్ అయిపోగానే పంపు ట్యాంకు ఖాళీ చేయండి, ఖాళీ చేశాక ఆగిపోయేదాకా నడపండి, గిన్నెలో చుక్క కూడా ఉండకూడదు. ఆయిలు కలిపిన పెట్రోలు రెండు మూడు వారాలకి సరిపడా మాత్రమే కలుపుకోండి. పంపు మోసే కుర్రాళ్ళకి ప్లగ్గు తీయడం, గిన్నె ఖాళీ చేయడం దగ్గరుండి నేర్పండి. మందు వాసనలో రోజంతా నిలబడే పిల్లలు వాళ్ళు, పంపు గంటసేపు మొరాయిస్తే ఆ గంట కూడా వాళ్ళు మందులోనే ఉంటారు.

2024 ఫిబ్రవరిలో లూనా మళ్ళీ వచ్చింది, ఈసారి బ్యాటరీతో. దానికి పెట్రోలు లేదు, కార్బరేటర్ లేదు. రేపు పంపులూ అన్నీ బ్యాటరీవే అవుతాయేమో, చాలా ఇళ్ళల్లో ఇప్పటికే అయ్యాయి. ఏది వచ్చినా ఒక రోజు ఆగుతుంది. ఆగినప్పుడు దేన్నో ఒకదాన్ని తిట్టేముందు, దాంట్లోకి ఏం వస్తోంది, ఎటునుంచి వస్తోంది అని మా నాన్నలాగా ఒకసారి మూత తీసి చూడండి.

మీ ఇంట్లో మొదటి మోపెడ్ ఏది? అది ఎక్కడ ఆగింది, అసలు కారణం చివరికి ఏం తేలింది? రాయండి, అందరం చదువుకుందాం.